డల్లాసు చెంత నొక ఆయుధశిక్షణశాల

టెక్సాసు రాష్ట్రమున పిస్తోలును దుస్తుల మాటున ధరించి తిరుగుటకు లైసెన్సు నొసగు చట్టము 1995లో గవర్నరు జార్జి బుష్ సంతకముతో వెలువడినది. దాని వెనుక నొక ఘోరము కలదు. 1991 అక్టోబరు 16న కిల్లీను పట్టణమున, లూబీస్ అను భోజనశాలలో, ఒక ఉన్మాది 23 మందిని కాల్చి చంపెను. నాటి చట్టమునకు వెఱచి తన రివాల్వరును కారులోనే విడిచి లోనికేగిన సుజానా హప్ అను వనిత, తల్లిదండ్రుల నిరువురను ఆనాడే కోల్పోయి, ఆ దుఃఖమునుండియే ఉద్యమమునకు పూనుకొని, పిమ్మట శాసనసభకు నెన్నికైనది.

డల్లాసు చెంతనున్న ఫ్రిస్కోలో కాపురమున్న మా మేనల్లుడు ఈ లైసెన్సు తరగతికి పోవుచుండగా నేనును వెంట వెళ్లితిని. అతడు అమెరికా పౌరుడు. ఉద్యోగపు వీసాపై నున్నవారికి తుపాకి నుంచుకొనుటకే ఫెడరల్ చట్టము సామాన్యముగా ననుమతింపదు. 2023 మే నెలలో సమీపమందలి ఆలెన్ పట్టణపు దుకాణసముదాయమున ఎనమండుగురు కాల్పులకు బలియైరి. వారిలో మన తెలుగింటి ఆడపడుచు, యువ ఇంజనీరు, ఒకతె యుండెను. మావాని సంకల్పమునకు మూల మదియే.

శిక్షకుడు సైన్యమున పనిచేసి విశ్రాంతి గైకొన్న వృద్ధుడు. వీరగాథలు వినవలసివచ్చునేమో యనుకొన్న నాకు ఆయన ప్రసంగము తొలుత ఆశ్చర్యమును, ఆపై నిండు గౌరవమును కలిగించినది. దారిలో నెవడైన దూషించినను, కారు కడ్డుపడినను, నడుమున ఆయుధమున్నవాడు లేనివానికంటె నెక్కువగా ఓర్చుకొని తొలగిపోవలెననియు, ప్రాణాపాయము తప్ప మరి యే కారణమున నైనను దానిని పైకి తీయరాదనియు ఆయన పదేపదే చెప్పెను. ఎఱ్ఱని అక్షరములతో 51 శాతమని వ్రాసియున్న పలక కనబడిన చోట, అనగా మద్యశాలలలో, ఆయుధముతో అడుగిడుట నేరమని హెచ్చరించెను.

పిమ్మట బల్లపై పిస్తోలు నుంచెను. మ్యాగజీనును వెలికితీసి, స్లైడును వెనుకకు లాగి నిలిపి, కంటితో చూచినది చాలదన్నట్లు చిటికెనవ్రేలిని ఛాంబరులో జొనిపి, తూటా లేదని తడిమి తెలిసికొని, ప్రక్కవాని చేతను అట్లే తడిమించెను. అంతసేపును ఆయన చూపుడువ్రేలు ట్రిగ్గరును తాకక చట్రము వెంబడి నిటారుగా నిలిచియే యున్నది.

ఒరను గూర్చి ఆయన చెప్పినంత వివరముగా గురిని గూర్చి చెప్పలేదు. అదియే ఉచితమని నాకు తోచినది. ఒర గట్టిదై ట్రిగ్గరు భాగమును పూర్తిగా కప్పవలెను. తీయుటలో త్వర యుండవచ్చును గాని, తిరిగి ఒరలో నుంచుటలో నుండరాదు. చొక్కా అంచు ట్రిగ్గరునకు చిక్కుకొని తొడలో తూటా దిగిన ఉదంతములు గలవు. చేసంచిలో మోయుటను ఆయన ససేమిరా ఒప్పలేదు: 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రపు హేడెన్ పట్టణమున, ఒక దుకాణములో, రెండేండ్ల పసివాడు తల్లి సంచిలోని పిస్తోలును తీయగా అది పేలి ఆమె ప్రాణముపోయినది.

క్రొత్తగా ధరించినవారి చేయి ఊరకూరక నడుమును తడుముచుండునట. దాచిన సంగతిని ముందుగా బయటపెట్టునది ఆ చేయియే. మంచి బెల్టు, సరియైన ఒర, ఇంట ఖాళీ పిస్తోలుతో చేసిన అభ్యాసము, ఈ మూడింటిచే ఆ తడబాటు క్రమముగా నణగునని ఆయన అనుభవము.

గురి పరీక్ష స్వల్పము: మూడు, ఏడు, పదునైదు గజముల దూరమునుండి 50 తూటాలు, 250 మార్కులకు 175 వచ్చిన చాలును. మావాడు సులభముగనే నెగ్గెను.

అయితే 2021 సెప్టెంబరు 1 మొదలు, ఇరువదియొక యేండ్లు నిండి చట్టపు నిషేధము లేనివారు ఈ లైసెన్సు లేకయే పిస్తోలు ధరింపవచ్చును. ఇతర రాష్ట్రములలో చెల్లుబాటు కొఱకు కొందరింకను వచ్చుచున్నారు. నేనాడు చూచిన శిక్షణలో ఒక్క ఘడియ యైనను పొందనివాడు నిండు తుపాకితో బజారున నడుచుటకు చట్టము సమ్మతించుట నా మనస్సున కెంతమాత్రమును రుచింపలేదు. ఆత్మరక్షణహక్కును గట్టిగా నమ్మిన ఆ శిక్షకుడును నాతో నదియే చెప్పెను.

పదునేడేండ్లు నిండని పిల్లలకు అందునట్లు నిండు తుపాకి నుంచుట అచట నేరము. తిరుగుదారిలో మావాడు, "మామయ్యా, ఇంట్లో చంటివాడున్నాడు. ముందు తాళంపెట్టె కొని గోడకు బిగిస్తాను, తుపాకి సంగతి తరవాత" అనెను. ఆ సాయంకాలమే ఇద్దరమును దుకాణమునకు పోయి పెట్టె తెచ్చితిమి.