పేరు చెప్పని సమీక్షలు

తెనాలిలో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత న్యూజెర్సీలో కూతురింటికి చేరిన ఒక లెక్చరరు గారికి సొంత వెబ్‌సైటు ఉంది. అందులో అరవై దాకా పుస్తక సమీక్షలున్నాయి. అందరికీ తెలిసిన నవలలు కొన్ని; ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్టలూడిపోయి, ఇప్పుడు ఎక్కడా కనిపించనివి చాలా. ఆ రెండో రకం పుస్తకాల గురించి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారన్న తొందరతోనే ఆవిడ మూడేళ్ళు రాశారు. చదివినవాళ్ళు కూతురు, తమ్ముడు, తమ్ముడి వియ్యంకుడు, ఇద్దరు పాత విద్యార్థులు. లింకు పంపితే చదివారు. తనంతట తాను వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడు ఒక్కడూ లేడు.

ఆవిడకు దీని గురించి పెద్ద విచారం ఉండేది కాదు. మంచి రాత తన పాఠకుణ్ణి తానే చేరుకుంటుందని నమ్మిన తరం ఆవిడది. ఆ నమ్మకం మొదటిసారి కదిలింది చలికాలం సెలవులకు ఇంటికొచ్చిన మనవడి వల్ల. వాడు చదువుతున్నది కంప్యూటర్లు. గూగుల్ తెరిచి, తెలుగులో ‘గోపీచంద్’ అని కొట్టి, తెర ఆవిడ వైపు తిప్పాడు.

“అమ్మమ్మా, నీ గోపీచంద్ ఎక్కడున్నాడు?”

“ఉన్నారు అనాలి నాన్నా. పెద్దాయన.”

ఆ తెర మీద బ్యాడ్మింటన్ గోపీచంద్ ఉన్నాడు. సినిమా హీరో గోపీచంద్ ఉన్నాడు, సినిమా దర్శకుడు గోపీచంద్ కూడా ఉన్నాడు. ‘అసమర్థుని జీవయాత్ర’ రాసిన త్రిపురనేని గోపీచంద్ ఎక్కడో కిందికి ఉన్నాడు. ఆవిడ సమీక్ష మాత్రం పది పేజీలు తిప్పినా రాలేదు.

మనవడు ఆ సమీక్ష తెరిచి మొదటి నుంచి చదివాడు. వాడి తెలుగు చదువు నెమ్మది కాబట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కునే యంత్రం ఎలా చదువుతుందో దాదాపు అలాగే చదివాడనుకోవాలి. పేజీ శీర్షిక ‘ఒక ఓటమి చరిత్ర’. మొదటి పేరాలో తెనాలి కాలువ గట్టు, వాన. రెండో పేరాలో ఆ నవల తొలిసారి చదివిన రోజు. మూడో పేరాలో ‘త్రిపురనేని వారి అబ్బాయి’ అన్న ప్రస్తావన. ఆ అబ్బాయి ఎవరో తెనాలిలో చెప్పాల్సిన పని లేదు మరి. నవల పేరు వాక్యాల్లో ఎక్కడా లేదు. అట్ట బొమ్మ మీద ఉంది, కానీ అది బొమ్మ.

“ఇది దేని గురించో నాకే తెలియలేదు, అమ్మమ్మా. దానికేం తెలుస్తుంది?” అన్నాడు.

సాహిత్యపు శీర్షిక కొంత దాచిపెట్టి ఊరించాలి. వెతికేవాడికి మాత్రం దాచనిది కావాలి. ఈ రెండింటికీ పొసగదనే చాలామంది రచయితలు సెర్చ్ ఇంజన్ల మాటెత్తితే ముఖం చిట్లిస్తారు. పొసగకపోవడానికి కారణం లేదు, ఎందుకంటే వెబ్ పేజీకి శీర్షికలు రెండు. పాఠకుడికి పేజీ నెత్తిన కనిపించే శీర్షిక ఒకటి. బ్రౌజరు ట్యాబు మీదా, సాధారణంగా గూగుల్ ఫలితాల్లో నీలిరంగు వరుసగానూ కనిపించేది ఇంకొకటి. ఇది హెచ్‌టీఎంఎల్‌లో టైటిల్ అనే చోట ఉంటుంది. ఆవిడ సైటులో ఆ రెండోది అరవై పేజీలకూ ఒక్కటే: సైటు పేరు. అరవై మంది రోగుల కేసు షీట్ల మీద రోగి పేరుకు బదులు ఆసుపత్రి పేరు రాసి పెట్టినట్టు.

మనవడి సూచన మీద పైన ‘ఒక ఓటమి చరిత్ర’ను అలాగే ఉంచి, టైటిల్‌లో ‘అసమర్థుని జీవయాత్ర – త్రిపురనేని గోపీచంద్ నవల – సమీక్ష’ అని రాశారు. ఫలితాల వరుసలో జాగా కొద్ది, మన అక్షరాలు వెడల్పు. అందుకే పుస్తకం పేరు ముందు. దాని కింద కనిపించగల పరిచయ వాక్యాలను కూడా, గూగుల్ వాటినే వాడుతుందన్న హామీ లేకపోయినా, ఆవిడే స్వయంగా రాశారు. కీవర్డుల జాబితా పెట్టే చోటొకటి ఉందని ఎవరో చెబితే అడిగారు. దాన్ని ర్యాంకింగుకు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పిందని మనవడు కొట్టిపారేశాడు. ఆ ముచ్చట అక్కడితో సరి.

అసలు చిక్కు పేర్లతో వచ్చింది. తెన్నేటి హేమలత ‘లత’ పేరుతో రాశారు. సమీక్షలో ఆవిణ్ణి ‘లత’ అని మాత్రమే అంటే, గాయని లత నుంచి మల్లె తీగ దాకా ఎవరైనా కావచ్చు. చలం ‘మైదానం’ కోసం వెతికేవాడికి క్రికెట్ మైదానాలు అడ్డు పడవచ్చు. ‘చివరకు మిగిలేది’ బుచ్చిబాబు నవల మాత్రమే కాదు, 1960లో వచ్చిన సినిమా కూడా. వీటి పక్కన రచయిత పేరూ ‘నవల’ అన్న మాటా లేకపోతే, ఆ పేజీ జనసమ్మర్దంలో ఇంటిపేరు లేకుండా పిలిచిన పిలుపే.

వైద్యశాస్త్రం ఈ చిక్కును చాలా ముందే ఎదుర్కొంది. 1879లో జాన్ షా బిల్లింగ్స్ ‘ఇండెక్స్ మెడికస్’ను ప్రారంభించింది, పెరిగిపోతున్న వైద్య వ్యాసాల్లో కావలసినది దొరికేటట్టు చేయడానికే. 1960లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ‘మెష్’ అనే పదపట్టికను తెచ్చింది. ఇవాళ పబ్‌మెడ్‌లో ‘హార్ట్ ఎటాక్’ అని కొట్టినా, ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అని రాసిన వ్యాసాలు వస్తాయి. రెండూ ఒకటేనని ఎవరో కూర్చుని పట్టికలో రాశారు కనుక. తెలుగు సాహిత్యానికి అలాంటి పట్టిక లేదు. లత అంటే తెన్నేటి హేమలత అని ఆ పేజీ రాసినవాళ్ళే ఒకచోట చెప్పాలి. ఆరోగ్యం గురించి తెలుగులో రాసేవాళ్ళు చేసే పొరపాటూ ఇదే. ‘మధుమేహం’ అని శీర్షిక పెట్టి, ‘షుగర్’ అన్న మాట మైలపడుతుందన్నట్టు పేజీ అంతా దాటవేస్తారు. ఓపీలో కూర్చున్నవాడు షుగర్ అనే అంటాడు, ఫోనులోనూ అదే కొడతాడు.

తెలుగుకు మరో ఇబ్బంది ఉంది. మన విభక్తులు మాటకు అతుక్కుపోతాయి. ‘గోపీచందుగారిదైన’, ‘నవలలోనూ’ లాంటి రూపాల్లోంచి మూలపదాన్ని యంత్రం ప్రతిసారీ సరిగ్గా విడదీస్తుందని భరోసా పెట్టుకోలేం. విడి రూపంలో పేరు కనీసం ఒక్కసారి కనపడాలి. పేజీ చిరునామాను తెలుగులో పెట్టవచ్చు గానీ, ఎవరికైనా పంపడానికి కాపీ చేసినప్పుడు అది తరచు శాతం గుర్తుల వరుసగా విచ్చుకుంటుంది: ‘తెలుగు’ అన్న చిన్న మాట 54 గుర్తులవుతుంది. ఆవిడ చిరునామాలను పొట్టి ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చారు.

ఒక్క విషయంలో మాత్రం మనవడి మాట నెగ్గలేదు. జనం ఎక్కువగా వెతికేది పుస్తకాల పీడీఎఫ్‌లేనని వాడి వాదన. “ప్రతి పేజీలోనూ ‘ఉచిత డౌన్‌లోడ్’ అని ఒక మాట పెడదాం అమ్మమ్మా, వస్తారు.”

“వచ్చాక ఏమిస్తావురా?”

“సమీక్ష చదువుతారు.”

“పెళ్ళి భోజనమని పిలిచి పురాణం వినిపిస్తావా?”

వెనకటికి తెల్లని పేజీ మీద తెల్లటి అక్షరాలతో పదాలు కుమ్మరించి యంత్రాన్ని బులిపించేవారు. గూగుల్ దాన్ని మోసంగానే లెక్కగట్టి శిక్షిస్తుంది. ఆవిడకు ఆ శిక్ష సంగతి తెలియదు. వచ్చినవాడు మోసపోయి వెళతాడన్నదే ఆవిడ అభ్యంతరం.

మార్పులు చేసిన కొన్ని వారాలకు, ఏ మాటలు వెతికినప్పుడు తన పేజీలు తెర మీదకు వచ్చాయో చూపే గూగుల్ నివేదికను మనవడు ఫోనులోనే ఆవిడకు తెరిచి చూపించాడు. పట్టిక చిన్నదే. అందులో ఒక వరుస దగ్గర ఆవిడ ఆగిపోయారు: ‘సీతారామారావు నవల’. అసమర్థుని జీవయాత్రలో కథానాయకుడు సీతారామారావు. ఎవరో, ఎక్కడో, పుస్తకం పేరు మరిచిపోయి, రచయిత పేరు మరిచిపోయి, ఆ మనిషి పేరు ఒక్కటి పట్టుకుని వెతికారు. ఆవిడ పేజీ ఆ వెతుకులాటలో అట్టడుగున ఎక్కడో కనిపించింది. వాళ్ళు అంతదూరం దిగి రాలేదు. ఆ పేజీని తెరవనూ లేదు.

ఆవిడ తన సమీక్షను మళ్ళీ చదువుకున్నారు. పద్నాలుగు పేరాల్లో ‘కథానాయకుడు’ అని ఉంది, ‘అతను’ అని ఉంది. సీతారామారావు అని ఒక్కసారీ లేదు. మందు పేరు అడిగితే ‘ఆ తెల్ల బిళ్ళ, మధ్యలో గీత ఉంటుందే’ అనే రోగిని డాక్టర్లు రోజూ చూస్తారు. మనుషులకు గుర్తుండేది అలాంటిదే. యాభై ఏళ్ళ కిందట చదివిన నవలలో గుర్తుండేది రాజేశ్వరి, అమృతం, దయానిధి. సమీక్షకులు తీర్పు చెప్పే తొందరలో ఆ పేర్లే వదిలేస్తారు. వాళ్ళు వదిలేసింది కథను కూడానేమో అని ఆవిడకు ఆ రాత్రి అనిపించింది. సమీక్షలో సీతారామారావు పేరు చేర్చబోతే వాక్యాలు ఒప్పుకోలేదు. ‘కథానాయకుడి పతనం’ అన్నది ‘సీతారామారావు ఏం చేశాడు’గా మారాలి. అలా మార్చి రాస్తే సమీక్ష పొడవు పెరిగింది, కొంచెం బాగుపడింది కూడా.

ఇంకా పెద్ద పని మిగిలే ఉంది. తొలి రోజుల్లో పాత ప్రింటింగు ఫాంట్లలో టైపు చేసి, బొమ్మలుగా మార్చి పెట్టిన సమీక్షలు ఇరవైరెండున్నాయి. అద్దె షాపుల నవలలు ఎక్కువగా అందులోవే. అవి యూనికోడ్ అక్షరాలు కావు కనుక యంత్రానికి అక్కడ బొమ్మే తప్ప చదవడానికి రాత లేదు. చూపు తగ్గి, స్క్రీన్ రీడరుతో వినేవాళ్ళకు అంతకన్నా లేదు. అట్ట బొమ్మలకైతే పక్కన చిన్న వివరణ రాసి సరిపెట్టవచ్చు. సమీక్షలను తిరిగి టైపు చేయాల్సిందే.

ఆవిడ రోజుకు ఒక పేజీ చొప్పున చేస్తున్నారు. మొదట ఎత్తుకున్నది లత రాసిన ‘గాలిపడగలు–నీటిబుడగలు’. తన దగ్గరి ప్రతిని ఎవరో అడిగి పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. టైటిల్ దగ్గర కాసేపు ఆగి ‘లత’ అని కొట్టి, పక్కన ‘తెన్నేటి హేమలత’ అని చేర్చారు. తరువాత ఆ నవలలోని మనుషుల పేర్లు ఒక కాగితం మీద గుర్తు తెచ్చుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. రెండు పేర్లు గుర్తురాక, తెనాలికి తమ్ముడికి ఫోను చేశారు.