సైగాన్ బామ్మ – బియ్యపు కాగితం

"ది సెంట్ ఆఫ్ గ్రీన్ పపాయా" అని ఓ వియత్నాం సినిమా వుంది. చూశారా? 1993 లో వచ్చింది. ట్రాన్ ఆన్ హుంగ్ అనే కుర్ర డైరెక్టరుకి అదే మొదటి పెద్ద సినిమా. కాన్ ఫెస్టివల్ లో కెమేరా డి'ఓర్ కొట్టేసింది. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఫైట్లు లేవు, డ్యూయెట్లు లేవు. ఓ పనిపిల్ల ఆకుకూరలు కడుగుతుంది, పచ్చి బొప్పాయి తరుగుతుంది, చీమల్ని చూస్తూ కూర్చుంటుంది. అంతే! కానీ చూస్తున్నంతసేపూ మనకి ఆకలేస్తూనే వుంటుంది. కథ జరిగేది సైగాన్ లో. తమాషా ఏమిటంటే, తెరమీద కనిపించే ఆ ఇల్లూ, ఆ వీధీ, ఆ చెట్లూ ఏవీ సైగాన్ వి కావు. ఫ్రాన్స్ లో స్టూడియో ఫ్లోర్ మీద వేసిన సెట్టింగు!

అందుకే, సైగాన్ లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు "ఓ వారం వుండి పోరా" అనగానే బట్టలు సర్దేశాను. సెట్టింగులో చూసిన వంటిల్లు నిజంగా ఎలా వుంటుందో చూడొద్దూ!

1976 లో ఆ వూరి పేరు హో చి మిన్ సిటీ అని మార్చారు. జనం మాత్రం ఇప్పటికీ సైగాన్ అనే అంటారు, మనం విశాఖపట్నాన్ని వైజాగ్ అన్నంత చనువుగా. రోడ్డుమీద మనుషులకంటే మోటారు సైకిళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది. రోడ్డు దాటడానికి ఒకటే సూత్రం: ఆగకూడదు, పరిగెత్తకూడదు, ఒకే నడకన సాగిపోవాలి. వాళ్ళే తప్పుకుని పోతారు. మన హీరోలు తూటాల మధ్య నడిచినట్టన్నమాట.

ఇక తిండి. నేను శాకాహారిని. దిగీ దిగగానే అన్నయ్య బాంబు పేల్చాడు. "ఒరే, ఇక్కడ వంటల్లో నూక్ మామ్ పడనిది దొరకటం కష్టం. చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరేసి తీసిన రసం. కాస్త చూసుకుని తిను!" మొదటి రెండురోజులూ అరటిపళ్ళమీద గడిపాను.

నన్ను కాపాడింది పౌర్ణమి.

వియత్నాం లో బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజూ, పదిహేనో రోజూ మాంసం, చేప ముట్టరు. మనకి ఏకాదశి లాగ. ఆ శాకాహారాన్ని వాళ్ళు "చై" అంటారు. (టీ అనుకుని అడిగేరు సుమా!) అన్నయ్య అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్భయ్యేళ్ళ పెద్దావిడ. ఆవిడ్ని అందరూ "బా" అని పిలుస్తారు. బా అంటే అక్కడ బామ్మ! వాళ్ళ భాషలోనూ నువ్వు, మీరు అనే మాటలు అంత సులువుగా దొరకవు. ఎదుటి మనిషి వయసు అడిగి అక్కో, అన్నో, బాబాయో, బామ్మో అని వరస కలుపుకోవాల్సిందే. నా వయసు చెప్పగానే బామ్మ నన్ను "కొన్" అంది. బిడ్డా అని అర్థం. అరటిపళ్ళ సంగతి తెలిసి, పౌర్ణమి పొద్దున్నే వంటింట్లోకి పిలిచింది.

బల్ల మీద పళ్ళేల నిండా ఆకులు. అదీ ఆ సినిమాలో వాసన! పుదీనా, కొత్తిమీర మనవే. వూదారంగు వెనకతట్టున్న తియా తో, సోంపు వాసనేసే హుంగ్ క్వే వాళ్ళవి. ఈ హుంగ్ క్వే మరీ పరాయిది కాదు. మనం సబ్జా గింజలు నానేసుకు తాగుతామే, ఆ జాతి మొక్కే. రుద్రజడకి చుట్టం. ఆకుల పక్కన సన్నగా తరిగిన క్యారట్టు, కీరా, ఉడికించి వార్చిన బియ్యపు సేమియా, వేయించిన టోఫూ ముక్కలు. చివర్న పళ్ళెమంత గుండ్రంగా, ప్లాస్టిక్కులా గలగలలాడుతూ బియ్యపు కాగితాలు. వాళ్ళ భాషలో బాన్ ట్రాంగ్. వెలుతురుకి పట్టి చూస్తే దానిమీద చాప నేత అచ్చు కనబడుతుంది.

అందరూ దాన్ని మెత్తబడేదాకా నీళ్ళలో నానేస్తారు. బామ్మ అలా చెయ్యనివ్వలేదు. గోరువెచ్చని నీళ్ళలో ఇలా ముంచి అలా తియ్యాలి, సెకనో, రెండో. తీసినప్పుడు ఇంకా బిరుసుగానే వుంటుంది. వుండనీ! పళ్ళెంలో పరిచి ఆకులూ, సేమియా పేర్చేలోపు అదే మెత్తబడుతుంది. వంటంతా ఈ ఒక్క కిటుకులోనే వుంది. ఎక్కువ నానితే చేతికి జిగురులా అంటుకుని చిరిగి వూరుకుంటుంది.

పేర్చటం మనవైపు అంచుకి దగ్గరగా. అడుగున లెట్యూస్ ఆకు, దానిమీద సేమియా, క్యారట్టు, కీరా, టోఫూ. ఆకులు మాత్రం కొంచెం అవతలగా విడిగా పెట్టింది. ఎందుకో చుట్టాక తెలిసింది. ఇవతలి అంచు మడిచి, బిగించి, రెండు పక్కలూ లోపలికి మూసి చాపలా చుట్టేసరికి ఆ ఆకులు పైపొర కిందికి వచ్చి, అద్దంలోంచి చూసినట్టు కనిపించాయి. హీరోయిన్ కి క్లోజప్ ఇచ్చినట్టు! దీని పేరు గోయ్ కువాన్. నూనె లేదు, పొయ్యి లేదు. వేయించేది వేరే వుంది, దాన్ని అక్కడ చా జో అంటారు. హోటళ్ళలో స్ప్రింగ్ రోల్ అంటే మనవాళ్ళు ఎక్కువగా ఎరిగింది వేయించిందే.

ఇంట్లో చేసుకోవాలనుకునే అక్కచెల్లెళ్ళకీ, హాస్టలు తమ్ముళ్ళకీ ఓ మాట. రైస్ పేపర్ పేకెట్లు పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతున్నాయి. లెట్యూస్ లేకపోతే లేత క్యాబేజీ ఆకు, టోఫూ లేకపోతే పనీర్. పుదీనా మాత్రం మానకండి. చుట్టినవి ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి, లేకపోతే అతుక్కుపోతాయి. ఫ్రిజ్ లో పెడితే పొర బిరుసెక్కిపోతుంది. చేసినవి చేసినట్టే తినాలి. నంజుకోవడానికి వేయించిన వేరుశనగపప్పు బరకగా దంచి, సోయా సాస్, కాస్త బెల్లం, నిమ్మరసం, వెల్లుల్లి, పండుమిర్చి కలపండి. మన పల్లీ చట్నీకి వేలు విడిచిన మేనత్తలా వుంటుంది.

అన్నట్టు, "మన పూతరేకుతో చుట్టొచ్చా?" అని అడక్కండి. తడి తగిలితే పూతరేకు కరిగి పోతుంది. అయినా ఈ చుట్టరికం వూరికే అన్నది కాదు. బామ్మకి సెల్ ఫోన్ లో ఆత్రేయపురం వీడియో చూపించాను. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండమీద ఇలా లాగగానే లేచొచ్చే రేకు. బామ్మ మూడుసార్లు వేయించుకు చూసింది. తర్వాత అన్నయ్యతో ఏదో అంది. "మా వూరు తీసుకెళ్తుందట రా" అన్నాడు వాడు.

బామ్మ పుట్టింది ట్రాంగ్ బాంగ్ లో. సైగాన్ కి వాయవ్యంగా యాభై కిలోమీటర్లు. ఆ వూరి పేరు ప్రపంచానికి తెలిసింది ఒక్క ఫొటో వల్ల. 1972 జూన్ 8న దక్షిణ వియత్నాం విమానాలు పొరపాటున తమ జనం మీదే నాపామ్ బాంబులు వేశాయి. ఒళ్ళు కాలి, బట్టల్లేకుండా, ఏడుస్తూ రోడ్డుమీద పరిగెత్తిన తొమ్మిదేళ్ళ పాప ఫొటో మీరూ చూసే వుంటారు. ఆ పాప కిమ్ ఫుక్ బతికింది, పెద్దయ్యాక కెనడాలో స్థిరపడింది. ఆ రోడ్డు ఇదే. బస్సులో వెళుతుంటే ఇప్పుడు అటూ ఇటూ షాపులూ, ఫ్యాక్టరీలూ. అప్పటికి బామ్మకి పదహారేళ్ళు. అన్నయ్య మెల్లగా అడిగాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఒక్క ముక్క చెప్పింది. "ఆ ఏడాది మా అమ్మ పొయ్యి వెలిగించలేదు." మేం మళ్ళీ అడగలేదు.

వాళ్ళమ్మ చేసింది ఈ కాగితాల పనే. ఇప్పుడు చేస్తున్నది బామ్మకి వరసకి చెల్లెలు. ఆవిడ ఇంటి వెనక పాకలో పెద్ద కుండ, మూతికి బిగించి కట్టిన గుడ్డ, లోపల మరిగే నీళ్ళు, కింద ఊక మంట. గరిటెతో పిండి పోసి గుండ్రంగా తిప్పింది, దానిమీదే రెండో పూత పోసింది. మూత పెట్టి తీసి, వెదురు పుల్లతో లేపి తడిక మీద పరిచింది. చాప అచ్చు ఎక్కడిదో అప్పుడర్థమైంది! మనది పొడివేడి, వాళ్ళది ఆవిరి. అందుకే మనది విరుగుతుంది, వాళ్ళది సాగుతుంది. ఆరిన వాటిని వేరుశనగ తొక్కల నిప్పుమీద కాల్చి, రాత్రి మంచులో పెడతారు. మంచుకి మెత్తబడిన ఆ కాగితాన్ని నీళ్ళలో ముంచే పనే లేదు, అలాగే చుట్టుకు తినొచ్చు. ఆ వూరి ప్రత్యేకత అదే.

పాకలో నిలబడ్డ పది నిమిషాల్లో నా చొక్కా తడిసిపోయింది. ఆవిడ తెల్లవారుఝామున మొదలెట్టిందట. రాత్రి మంచు దిగే వేళకి మళ్ళీ లేవాలట. ఇద్దరు కూతుళ్ళున్నారు, నేర్చుకున్నారా అంటే నవ్వింది. ఇద్దరూ ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళుతున్నారు. నెల తిరిగేసరికి జీతం, నెత్తిన ఫ్యాను, ఆదివారం సెలవు. నన్నడిగితే ఆ పిల్లలదే రైటు. కూర్చుని తినే మనం "అయ్యో, కళ అంతరించిపోతోందే" అనడం తేలిక. పూతరేకులకి 2023 లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. రేకు తీసే ఆడవాళ్ళ కళ్ళలో పొగ మాత్రం అలాగే వుంది.

బామ్మ కాసేపు చూసి, చెల్లెల్ని లేవమని ఆ పీటమీద తను కూర్చుంది. మొదటి కాగితం మందంగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోది తడిక మీద పరిచాక ఇద్దరూ వంగి చూసి ఏదో అనుకున్నారు. అన్నయ్య తర్జుమా చెయ్యలేదు, నేనూ అడగలేదు.

వచ్చేటప్పుడు ఆవిడ మంచుకి మెత్తబడ్డ కాగితాలు ఓ కట్ట, పెరట్లో కోసిన ఆకులు ఓ సంచీ ఇచ్చింది. "రెండురోజుల్లో తినెయ్యాలి, తర్వాత ఎండిపోతాయి" అంది. హైదరాబాదు దాకా తేవాలని మహా ఆశపడ్డాను. బస్సు సగం దూరం రాకుండానే బామ్మ కట్ట విప్పి, ఒళ్ళో ఆకులు పోసుకుని చుట్టడం మొదలెట్టింది. నాకొకటి, అన్నయ్యకొకటి, వెనక సీట్లో ఏడుస్తున్న పిల్లాడికొకటి. సైగాన్ చేరేసరికి ఖాళీ సంచీ మిగిలింది.