చడీచప్పుడు లేని ‘నో’

ఉబుంటులో ఈమాక్స్ కావాలంటే ఒక్క కమాండ్ కొడితే చాలు, టీ చల్లారేలోపు వచ్చి కూర్చుంటుంది. అలాంటి ఎడిటర్‌ని సోర్సు కోడ్ దించుకుని, మన చేత్తో కంపైల్ చేసుకోవడం ఎందుకని అడిగితే నా దగ్గర గట్టి కారణమేమీ లేదు. 1976లో ఎంఐటీలో టెకో అనే పాత ఎడిటర్‌కు తగిలించిన మాక్రోలుగా మొదలైంది ఇది. 1984లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు కోసం దీన్ని కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ చలాకీగా నడుస్తోంది, ప్రతి లైనూ చదువుకోమని బయటే పెట్టారు. అంత బాహాటంగా పెట్టినదాన్ని ఒకసారైనా విప్పి చూడాలనిపించదూ?

మొదట కాన్ఫిగర్ అనే స్క్రిప్టు నడపాలి. గ్నూ సైట్లో దొరికే కట్ట విప్పితే అది సిద్ధంగా ఉంటుంది. గిట్ నుంచి తెచ్చుకుంటే ఉండదు, ఆటోజెన్ అనే ఇంకో స్క్రిప్టుతో దాన్ని పుట్టించుకోవాలి. నడపగానే ‘చెకింగ్ ఫర్’ అంటూ వరసలు పరుగెడతాయి. జీసీసీ ఉందా, ఫలానా హెడర్ ఉందా, ఫలానా ఫంక్షన్ సరిగ్గా పనిచేస్తుందా... పెళ్లిచూపుల్లో మగపెళ్లివారు కూడా ఇన్ని ఆరాలు తీయరు.

ఈ ఆరాలు మధ్యలో ఆగిపోతే కొత్తవాళ్లకు గుండె గుభేలుమంటుంది. నిజానికి ఆగినప్పుడే కాన్ఫిగర్ మహా మర్యాదస్తురాలు. గ్నూటీఎల్ఎస్ దొరకలేదనుకోండి, ఏ లైబ్రరీ లేదో పేరుతో సహా చెబుతుంది, డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసుకోలేదేమో చూసుకోమంటుంది, అది లేకుండానే కానివ్వాలంటే ఏ ఆప్షన్ ఇవ్వాలో కూడా చెబుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ లైబ్రరీ మన కంప్యూటర్లో అప్పటికే ఉండొచ్చు. ‘ఉందిగా, లేదంటుందేమిటి?’ అని జుట్టు పీక్కుంటాం. నడిచే ప్రోగ్రాంకు లైబ్రరీ ఒక్కటుంటే సరిపోతుంది. కంపైల్ చేయడానికి మాత్రం దాని లోపల ఏమేం ఫంక్షన్లున్నాయో చెప్పే హెడర్ ఫైళ్లు కూడా కావాలి. డెబియన్, ఉబుంటుల్లో వాటిని పేరు చివర ‘డెవ్’ తగిలించి విడి ప్యాకేజీగా ఇస్తారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం గోల తీరినట్టే.

అసలు పేచీ ఆగకుండా సాగిపోయినచోట ఉంది. కాన్ఫిగర్ పని ముగిస్తూ ఒక చిట్టా రాస్తుంది: ఈమాక్స్ ఫలానాది వాడుతుందా? ఎస్. ఫలానాది? నో. తెర మీద నుంచి చకచకా జారిపోయే ఆ చిట్టాలో హార్ఫ్‌బజ్ గురించి ఒక వరస ఉంటుంది. తెలుగు రాసుకునేవాళ్లకు అదే ప్రాణం. ఫాంటులో అక్షరాల బొమ్మలుంటాయి. వాటిలో సరైనవి ఏరి వత్తును కిందికి చేర్చడానికి, గుణింతాన్ని తలకట్టు దగ్గర అతికించడానికి ఇంకొకరు కావాలి. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి ఈమాక్స్‌లో ఆ పని హార్ఫ్‌బజ్‌ది. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ కూడా దాన్నే నమ్ముకున్నాయి. దాని డెవ్ ప్యాకేజీ లేకపోయినా కాన్ఫిగర్ ఆగదు, గోల పెట్టదు. ‘నో’ అని రాసేసి చల్లగా ముందుకెళ్లిపోతుంది.

తర్వాత మేక్. సీ ఫైళ్లన్నీ కంపైలై టెమాక్స్ అనే ప్రోగ్రాం తయారవుతుంది. ఇంకా ఎడిటర్ కాలేదది, లిస్ప్ భాష అర్థం చేసుకోగలదు, అంతే. ‘లోడింగ్’ అంటూ లిస్ప్ ఫైళ్లను వరసగా చదువుకుని, నేర్చుకున్నదంతా ఒక డంప్ ఫైల్లో దాచుకున్నాకే ఈమాక్స్ అనిపించుకుంటుంది. గిట్ సోర్సైతే మరీ చోద్యం. సగం తయారైన ఈమాక్సే కూర్చుని వందలాది లిస్ప్ ఫైళ్లను కంపైల్ చేసి మిగతా సగాన్ని తయారుచేసుకుంటుంది. ఈ తతంగం చూడ్డానికైనా ఒకసారి సోర్సు దించుకోవచ్చంటాను. మధ్యలో తప్పు వస్తే చిట్టచివరి వరస పట్టుకుని వేలాడకండి. అక్కడ కనిపించే ‘ఎర్రర్ 2’ ఉత్త ప్రతిధ్వని. పైకి పోయి, మొట్టమొదటి ఎర్రర్ ఎక్కడుందో వెతకాలి.

అంతా అయ్యాక సోర్సు ఫోల్డర్లోనే ఎస్ఆర్‌సీ లోపల ఈమాక్స్ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే అక్కడి నుంచి నడుస్తుంది. కంట్రోల్ హెచ్ నొక్కి, కంట్రోల్ వదిలేసి మళ్లీ హెచ్ నొక్కితే లోకంలోని ఎన్నో భాషలు పలకరించే ఒక పేజీ వస్తుంది. అందులో తెలుగు వంతుకు ‘నమస్కారం’. హార్ఫ్‌బజ్ లేక, అంతకుముందు ఆ పని చూసిన ఎం17ఎన్ కూడా లేక తయారైన ఈమాక్స్‌లో సకారం కింద కవత్తు చేరదు. పొల్లు ఒకచోట, క ఒకచోట, దీర్ఘం ఇంకోచోట నిలబడతాయి. ఫాంటును తిట్టుకుంటూ ఎన్ని మార్చినా ఏమీ మారదు, ఎందుకంటే తగువు తేలిపోయింది ఎప్పుడో ఆ చిట్టాలో. డెవ్ ప్యాకేజీ వేసి, కాన్ఫిగర్, మేక్ రెండూ మళ్లీ నడిపితే స్కా కుదురుగా కూర్చుంటుంది.

కావలసిన డెవ్ ప్యాకేజీలన్నీ ఒకే దెబ్బలో తెచ్చిపెట్టే బిల్డ్‌డెప్ అనే ఉపాయం ఉబుంటులో ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్‌ కమాండ్‌లో ఉంది. అనుభవజ్ఞులు మొదటే అది చెప్పేస్తారు. రెండోసారికి అట్టే పెట్టుకోండి. మొదటిసారి మాత్రం చిట్టా ముందేసుకుని, ఒక్కో ‘నో’ దగ్గరా ఆగి, అది లేకపోతే మనకేం పోతుందో చూసుకుంటూ చేస్తేనే ఈ పనిలో రుచి.