కణుజు మదమెక్కే కాలం

"మామా, లైసెన్స్ దొరికింది. సెప్టెంబర్‌ల విల్లు వట్టుకొని ఎల్క్ వేటకు పోతున్న" అని డెన్వర్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. రేగొండ పిల్లగాడు రాకీ పర్వతాల్లో విల్లంబులతో! నవ్వొచ్చింది.

ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న లాంటిది. ఒకప్పటి ఇంగ్లీషు దొరలైతే మన సాంబర్‌నే ఎల్క్ అనేవారు. రెండింటికీ ఏటా కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. జతకట్టే రోజుల్లో మగవి బురదలో పొర్లుతాయి, మేత మరుస్తాయి, ఒకదానితో ఒకటి కలబడతాయి. ఎల్క్‌కు ఆ కాలం సెప్టెంబర్, కణుజుకు మన చలికాలం. అక్కడి వేటగాళ్లు గొట్టం ఊది మగ ఎల్క్‌లా కూస్తారు. పోటీకి ఇంకోటి వచ్చిందనుకొని అది ముప్పై నలభై గజాల్లోకి వచ్చేస్తుంది. బాణానికి అంత దగ్గర కావాలి మరి.

ఏటూరునాగారం అడవుల్లో కోయ దోస్తులతో తిరిగిన మా తాతకు ఇది నచ్చేది కాదు. "మదమెక్కినదానికి కండ్లు కనవడయి బిడ్డా, అప్పుడు కొట్టుడు వేటనా?" అనేవాడు. నాదీ తాత మాటే. అయితే మేనల్లుణ్ణి తప్పుపట్టను. అక్కడ ఎన్ని కొట్టాలో ప్రభుత్వమే లెక్కగట్టి అనుమతిస్తుంది.

మన దగ్గర 1972 చట్టంతో వేట నేరమైంది. విల్లు పోయింది, దొంగచాటు కరెంటు తీగ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో అలాంటి తీగ తగిలే ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ప్రాణం పోయింది. అడవి పక్క చేన్లకు రాత్రిపూట నీళ్లు పెట్టబోయే మావాళ్లు ఇప్పుడు టార్చి నేలకేసి, అడుగడుగూ చూసుకుంటూ నడుస్తున్నారు.