చుక్కంత కందిరీగ

మా చెరకుతోటలో పీకపురుగు పడిన యేడు, ఒక ఆకు అడుగున అట్టముక్కను కట్టితిని. దానిపై నల్లని పురుగుగ్రుడ్లు ఇసుకవలె అంటియుండెను. మరునాటి ఉదయమున భూతద్దముతో చూడగా, గ్రుడ్డునకు రంధ్రము చేసికొని ట్రైకోగ్రామా అను కందిరీగ వెలువడుచుండెను. నిడివి అర మిల్లీమీటరు. పసుపుపచ్చని మేను, ఎఱ్ఱని కన్నులు. రెక్కలపై సన్నని వెండ్రుకలు వరుసలు తీరియుండును. ఆ వరుసలవలననే దానికా పేరు. మగదాని మీసములకు పొడవైన రోమములు, ఆడుదాని మీసములు కొనయందు గదలవలె లావు. కందిరీగ యనగానే జడియవలదు, ఇది మనుష్యుని కుట్టదు. పురుగు పెట్టిన గ్రుడ్డులో తన గ్రుడ్డు పెట్టును. లోపలి పిల్ల దానినే తిని పెరుగును. పీకపురుగు పుట్టకయే పోవును.

నాకు ఓపిక లేకపోయెను. ఆ మధ్యాహ్నమే తోటయంతటను మందు చల్లించితిని. సాయంకాలమున మరల అట్టను చూచితిని. సగము వెలికివచ్చిన కందిరీగ యొకటి ఆ ఎఱ్ఱని కన్నులతో రంధ్రమునందే నిలిచిపోయియుండెను.