వాడ ముఖాలు - 7: ముందు టేపు, తర్వాత లెన్స్



మన ముసలోళ్ల ఫోటోలు తీసే పని మొదలుపెట్టానని పోయిన భాగంలో రాశాక చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు: "అన్నా, ఏ లెన్స్ కొన్నావ్, అదే ఎందుకు?" ఇంకొందరేమో "కులం గురించి రాసే మనిషివి, ఈ లెన్సుల గోల ఏంటి?" అన్నారు. రెండిటికీ జవాబు ఒకటే. అందుకే ఈ భాగం మొత్తం లెన్స్ గురించే రాస్తున్నాను. కొంచెం లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

ముందు పని ఏంటో చెప్తాను. మన ఇళ్లలో డెబ్బై దాటిన అమ్మమ్మకి, నానమ్మకి ఎన్ని ఫోటోలున్నాయి? రేషన్ కార్డు మీద ఒకటి, ఆధార్ మీద ఒకటి. ఎవరిదో పెళ్లి ఆల్బంలో వెనక వరసలో సగం ముఖం. ఆమె పోయిన రోజు ఆ ఆధార్ ఫోటోనే సాగదీసి ఫ్లెక్సీ వేయిస్తాం. కళ్లు పెద్దవి చేసుకుని, బెదిరిపోయి, వేలిముద్ర పడుతుందో లేదో అన్న దిగులుతో ఉన్న ముఖం అది. ఇంటి గోడ మీద శాశ్వతంగా మిగిలేది ఆ దిగులే.

కారంచేడు, 1985 జూలై 17. చుండూరు, 1991 ఆగస్టు 6. ఈ పేర్లు చెప్పగానే మన కళ్ల ముందుకొచ్చే బొమ్మలు శవాలవి, గుండెలు బాదుకుంటున్న ఆడవాళ్లవి, ఊరేగింపులవి. అవి కావాలి, అవి సాక్ష్యాలు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లు, కూలికెళ్లి పిల్లల్ని చదివించిన ఆడవాళ్లు, వాళ్ల ముఖాలు ఎక్కడున్నాయి? ఏదో జరిగితేనే మన వాడలోకి కెమెరా వచ్చింది. ఏమీ జరగని రోజున, మనిషి నెమ్మదిగా కూర్చున్నప్పుడు, అడిగి తీసిన ఫోటో ఒక్కటైనా ప్రతి ఇంట్లో ఉండాలి. నేను పెట్టుకున్న పని అదే.

నా చేతిలో ఉన్న కెమెరా వోయిగ్ట్‌లాండర్ బెస్సా-ఆర్. పేరు జర్మనీది, చేసింది జపాన్‌లోని కొసీనా కంపెనీ, 2000 నాటి మోడల్. ఫిల్మ్ కెమెరా, రేంజ్‌ఫైండర్ రకం. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. ఎస్‌ఎల్‌ఆర్‌లో మనం లెన్స్ గుండా చూస్తాం. రేంజ్‌ఫైండర్‌లో లెన్స్‌కి పైన, పక్కగా ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తాం. ఆ కిటికీ మధ్యలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పితే రెండు బొమ్మలూ కలిసిపోతాయి, ఫోకస్ అయినట్టు. ఫోటోలో ఎంత పడుతుందో చూపించడానికి లోపల గీతలుంటాయి. గీతల బయట ఉన్నది కూడా కనిపిస్తూనే ఉంటుంది, పరిగెత్తుకొస్తున్న మనవడు, తొంగిచూస్తున్న కోడలు. షట్టర్ నొక్కిన క్షణంలో అద్దం పైకి లేచి చీకటి కావడం అనేది ఉండదు. ఆమె రెప్ప వేసిందా, నొచ్చుకుందా, అప్పుడే తెలుస్తుంది. కిటికీ ఎడమ చివరన ఉంటుంది కాబట్టి నా ముఖం కూడా సగమైనా ఆమెకి కనిపిస్తుంది.

ఇక లెన్స్. పోర్ట్రెయిట్‌కి 75 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య వాడాలని ఏ ఫోటోగ్రఫీ పుస్తకమైనా చెప్తుంది. షార్ట్ టెలిఫోటో అంటారు. ఎందుకని అడిగితే "ముఖం అందంగా వస్తుంది" అంటారు. అసలు కారణం లెన్స్‌లో లేదు, దూరంలో ఉంది. ముక్కు కొస నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. అర మీటరు దూరం నుంచి తీస్తే ముక్కుకి 50, చెవికి 62. అంటే చెవితో పోలిస్తే ముక్కు దాదాపు పావు వంతు ఉబ్బి కనిపిస్తుంది. అదే 1.2 మీటర్ల నుంచి తీస్తే ఉబ్బు పదో వంతే. 5 మీటర్ల నుంచి తీస్తే దాదాపు ఏమీ ఉండదు, ముఖం పలకలా చదునుగా అయిపోతుంది. ఏ లెన్స్ పెట్టినా ఈ లెక్క మారదు. నువ్వు నిలబడిన చోటు ముఖం ఆకారాన్ని తేలుస్తుంది. ఆ చోటు నుంచి ఎంత భాగం ఫ్రేములో పడాలన్నది మాత్రమే లెన్స్ తేలుస్తుంది.

ముక్కు సంగతి మనకి చిన్న విషయం కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ పరికరాలు పట్టుకుని మనుషుల ముక్కులూ తలలూ కొలిచాడు. ఆయన, రంగాచారి కలిసి 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశారు. మాల, మాదిగలు కూడా అందులో ఉన్నారు, నమూనాలుగా. ముక్కు కొలతని బట్టి మనిషి మెట్టు తేల్చే ఆలోచన ఆ కాలంలో చదువుకున్న వాళ్లకి శాస్త్రం. కాబట్టి మా పెద్దమ్మ ముక్కుని పావు వంతు ఉబ్బించి గోడకి తగిలించే పని నేను చేయను.

అలాగని దూరంగా వెళ్లి పెద్ద టెలిఫోటోతో లాగనూ లాగను. ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడాలో మనకి లెన్సుల పుస్తకం కంటే ముందు ఊరు నేర్పింది. దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోశారే, ఆ చెంబుకీ మన చేతులకీ మధ్య జానెడు ఖాళీ కూడా కొలిచి పెట్టిందే. సతారాలో చదువుకునే రోజుల్లో ప్యూన్ లేకపోతే చిన్న భీమ్‌రావుకి నీళ్లుండేవి కావు. కొళాయి దూరమై కాదు, దాన్ని తిప్పే హక్కు లేక. వాడ బయట గట్టు మీద నిలబడి, బురద అంటకుండా, పొడవాటి లెన్స్‌తో మన ఏడుపుని తీసుకెళ్లిన వాళ్లని నేను చూశాను. అడగలేదు, పేరు రాసుకోలేదు. ఆ దూరం కూడా నాకొద్దు.

మరి ఎంత దూరం? లెన్స్ కొనే ముందు నేను కెమెరా ఇంట్లో పెట్టి, మేస్త్రీ దగ్గర టేపు అడిగి తీసుకుని వాడకి వెళ్లాను. పెద్దమ్మ నులక మంచం మీద కూర్చుంది, నేను పీట మీద. కాసేపు మాట్లాడుకున్నాక ఎలా కూర్చున్నామో అలాగే ఉండి, ఆమె ముఖానికీ నా ముఖానికీ మధ్య టేపు పట్టాను. ఆమె పడీ పడీ నవ్వింది. "ఏందిరా, సర్వేకొచ్చావా? పట్టాలిస్తారా ఏంది?" అంది. నాలుగు అడుగులు, అంటే 1.2 మీటర్లు. ఇంకో ఎనిమిది ఇళ్లలో అలాగే కొలిచాను. ఎక్కడా మీటరుకి తగ్గలేదు, మీటరున్నరకి మించలేదు. ఇద్దరూ చేతులు చాపితే వేళ్లు కలిసే దూరం. మనవాళ్లు మనవాళ్లతో మాట్లాడుకునే దూరం అదే. ఇంకోటి కూడా తెలిసింది. వసారాల లోతు ఆరడుగులే. వెనక్కి జరుగుదామంటే వీపుకి గోడ తగులుతుంది.

దూరం తేలింది కాబట్టి ఇక లెన్స్ లెక్కే. 35 ఎంఎం ఫిల్మ్ మీద, 1.2 మీటర్ల నుంచి నిలువుగా తీస్తే 75 లెన్స్‌లో సుమారు 33 సెంటీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు పడుతుంది. తల, భుజాలు, మెడలో పూసలు, కొంగు సర్దుకున్న చేయి. 90 లెన్స్‌కి అదే బొమ్మ కావాలంటే 1.4 మీటర్ల దాకా జరగాలి. కొన్ని ఇళ్లలో కుదురుతుంది, కొన్నింట్లో కుదరదు. 50 లెన్స్‌తో అయితే బాగా దగ్గరికి, ముఖం మీదకి వెళ్లాలి. 135ని ఈ వసారాల్లో ఊహించుకోనక్కర్లేదు.

రేంజ్‌ఫైండర్‌కి ఇంకో హద్దు ఉంది. రెండు కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువుంటే, కిటికీలో బొమ్మ ఎంత పెద్దగా కనిపిస్తే, ఫోకస్ అంత కచ్చితంగా కుదురుతుంది. బెస్సాలో ఆ ఎడం 37 మిల్లీమీటర్లు, కిటికీలో బొమ్మ సైజు 0.68 రెట్లు. గుణిస్తే 25. లైకా ఎం6లో ఇదే లెక్క దాదాపు 50 వస్తుంది, అంటే రెట్టింపు. అందుకని లైకా మీద నడిచే 90 ఎఫ్/2 లెన్స్ నా కెమెరా మీద గుడ్డి గుర్రం. పైగా 1.4 మీటర్ల దగ్గర ఎఫ్/2లో కలిపి రెండున్నర సెంటీమీటర్లు కూడా షార్ప్‌గా రాదు. ఒక కన్ను వస్తే ఇంకో కన్ను రాదు. కొసీనా వాళ్లు ఈ కెమెరాకి చేసిన 90 లెన్స్ ఎఫ్/3.5, 75 లెన్స్ ఎఫ్/2.5. ఊరికే అలా చేయలేదు.

నేను చూసిన లెన్సులు ఇవి. ఒకటి, లైకా పాత ఎల్మార్ 90 ఎఫ్/4. 1930ల నుంచి ఉన్న లెన్స్, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. యుద్ధానికి ముందు చేసిన వాటికి కోటింగ్ ఉండదు. గుమ్మం వెలుతురు ఎదురుగా పడితే బొమ్మంతా పొగ కమ్ముతుంది. నల్లటి చర్మంలో ఉన్న అందమంతా చిన్న చిన్న వెలుగుల తేడాల్లో ఉంటుంది. పొగ కమ్మితే ఆ తేడాలు పోయి ముఖానికి బూడిద పూసినట్టు అవుతుంది. తెల్ల చర్మానికి ఇది "పాతకాలపు సొగసు" కావచ్చు, మనకి నష్టం.

రెండు, సోవియట్ జూపిటర్-9, 85 ఎఫ్/2. జైస్ వాళ్ల సోనార్‌కి నకలు. బొమ్మ బాగుంటుంది, ధర తక్కువ, విద్యార్థులు ముందు దీని మీదే పడతారు. కానీ ఫోకస్ కొలత సోవియట్ కెమెరాలకి సరిపోయేలా ఉంటుంది. లైకా కొలతతో చేసిన కెమెరాకి బిగిస్తే దూరంగా ఉన్నవి సరిగ్గా వస్తాయి, దగ్గరవి తప్పొచ్చు. పోర్ట్రెయిట్ అంటేనే దగ్గర. పరీక్షించకుండా కొనకండి.

మూడు, 1935లో లైకా వాళ్లే చేసిన థంబార్ అనే 90 లెన్స్ గురించి ఒక మిత్రుడు చెప్పాడు. ముఖాన్ని మెత్తగా చేసి ముడతలు కనపడకుండా చేసే లెన్స్. ధర సంగతి పక్కన పెట్టండి. పొగాకు బేళ్ల దగ్గర, నాట్లలో యాభై ఏళ్లు ఎండకి కాగిన ముఖంలో ఏ గీత తీసేయాలి?

చివరికి కొన్నది కొసీనా వాళ్ల కలర్-హెలియార్ 75 ఎఫ్/2.5, సెకండ్‌హ్యాండ్. మీటరు దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంది, నాకంతే కావాలి. బెస్సా కిటికీలో 75కి విడిగా గీతలున్నాయి. 90 గీతలు 35తో కలిసి వస్తాయి, బాగా చిన్నవి. ఎఫ్/4 పెడితే 1.2 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు షార్ప్‌గా వస్తుంది, ముక్కు నుంచి కళ్ల దాకా చాలు. 400 ఫిల్మ్‌తో పగటి పూట వసారాలో ఎఫ్/4కి 1/125 సులువుగా దొరుకుతుంది. లక్షలు పోసి ఎఫ్/2 కొనే అవసరమే లేదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి రెండు మాటలు. లెన్స్‌లోకి టార్చ్ కొట్టి రెండో వైపు నుంచి చూడండి. మన కోస్తా తేమకి అద్దాల మధ్య సాలెగూడులా ఫంగస్ పడుతుంది, అది కూడా పొగే. కొన్నాక ఫిల్మ్ వేయకముందే వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ ఉండే పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ బిగుతుగా అంటించండి. షట్టర్ 'బి'లో పట్టి ఉంచి, కిటికీలో ఒక అక్షరం మీద ఫోకస్ చేసి, పేపరు మీద అదే అక్షరం స్పష్టంగా పడిందో లేదో భూతద్దంతో చూడండి. ఖర్చు ఐదు రూపాయలు.

ఇంకొకటి, మీటర్. అది ఏది చూసినా మధ్యస్థ బూడిద రంగు చేయాలని చూస్తుంది. వెనక సున్నం గోడ ఉంటే గోడని బూడిద చేసి మన ముఖాన్ని నల్లముద్ద చేస్తుంది. దగ్గరికెళ్లి ముఖం మీదే రీడింగ్ తీసుకోండి. బాగా నల్లటి ముఖమైతే ఆ రీడింగ్ నుంచి ఒక స్టాప్ తగ్గించండి. గోడ తెల్లగా పేలిపోతే పేలనివ్వండి. కొలత ముఖానిది.

ఫోన్ మాత్రమే ఉన్న చెల్లెళ్లూ తమ్ముళ్లూ, మీకూ ఇదే లెక్క. ఫోన్ మామూలు లెన్స్ వైడ్. దానితో ముఖం నిండాలంటే అర మీటరుకి వెళ్లాలి, ముక్కు ఉబ్బుతుంది. 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెట్టి నాలుగు అడుగుల్లో కూర్చోండి. నిలబడొద్దు, ఆమె కళ్ల ఎత్తులో కూర్చోండి. ముంబై పారిశుధ్య కార్మికులని ఏళ్ల తరబడి తీసిన సుధారక్ ఓల్వే ఫోటోలు, తమిళనాడులో సఫాయి కార్మికుల మధ్య పనిచేసిన పళని కుమార్ ఫోటోలు వెతికి చూడండి. వాళ్ల కెమెరాలు వేరు, లెన్సులు వేరు. వాళ్లు ఎక్కడ నిలబడి తీశారో మాత్రం గమనించండి.

ఇప్పటికి పద్నాలుగు మంది అమ్మల ఫోటోలు అయ్యాయి. ప్రతి ఫోటో వెనక ఆమె చెప్పిన పేరు, ఆమె చెప్పినట్టే రాశాను. ఆధార్‌లో ఉన్న పేరు చాలామందిది తప్పు. మొదటి ప్రింట్ ఆమెకే. ఆమె చూసి సరేనంటేనే రెండోది నా పెట్టెలోకి వస్తుంది. ఇద్దరు వద్దన్నారు, ఆ నెగెటివ్‌లు వాళ్ల చేతికే ఇచ్చేశాను. ఇద్దరికీ మంచి ఫోటోలే వచ్చాయి. అయినా అవి వాళ్ల ముఖాలు.

వచ్చే భాగంలో ప్రింట్ల గురించి, ఫ్రేములు కట్టించిన ఖర్చు గురించి రాస్తాను. ఈలోపు మీ ఇంట్లో ముసలామె దగ్గర కూర్చుని టేపు పట్టి కొలవండి. ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి.

జై భీమ్.