మొదటి పేజీలో మా మాగాయ

ఎస్‌.ఇ.ఓ. అంటే నేను మొదట ఎం.ఆర్‌.ఓ. లాంటి ఆఫీసరెవరో అనుకున్నాను. "మీ పచ్చళ్ళ వ్యాపారానికి ఎస్‌.ఇ.ఓ. ఉన్నారా మేడమ్‌?" అని ఫోనులో ఎవరో కుర్రాడు అడిగితే, "లేరు బాబూ, ఉన్నదల్లా నేనూ, సత్తెమ్మా, మావారూను. మావారు సీసాలకి కాగితాలంటిస్తారు, అదీ క్రికెట్‌ లేని రోజున" అని చెప్పాను. ఆ కుర్రాడు నవ్వనైనా నవ్వలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

మాది రాజమండ్రి. ఆరేళ్ళుగా ఆవకాయ, మాగాయ, గోంగూర, నాలుగు రకాల పొడులూ చేసి అమ్ముతున్నాను. ఒకరి నోట విని ఒకరు ఫోను చేసేవారు. కిందటేడు దసరా ముందు అవి కాస్త తగ్గాయి. సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడు ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, మావారి కాఫీ తాగి, "ఈ రోజుల్లో గూగుల్‌లో కనిపించనివాళ్ళు లేనట్టే మేడమ్‌" అన్నాడు. వెబ్‌సైటు కట్టడానికి 25,000, ఆ పైన నెలకి 8,000. ముప్ఫై రోజుల్లో మొదటి పేజీ గ్యారంటీ. గూగుల్‌ లోపల వాళ్ళకి తెలిసినవాళ్ళున్నారట! మావారు నా వంక చూశారు. సినిమా టిక్కెట్లకి బుకింగులో తెలిసినవాళ్ళుంటే దొరికే కాలంలో పెరిగినవాళ్ళం కదా, నమ్మేశాం.

నెల తిరిగేసరికి రంగురంగుల రిపోర్టు వచ్చింది. 14 మాటలకి మేమే మొదటి స్థానంలో ఉన్నామట. మావారు ఆ కాగితం పక్కింటివారికి కూడా చూపించి వచ్చారు. రెండో నెలా అదే కాగితం, మూడో నెలా అదే. ఆర్డర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఆ 8,000 ఎక్కణ్ణుంచి తేవాలి? నూనె మానలేను, మిరపకాయ మానలేను. చివరికి సత్తెమ్మతో, "వారంలో రెండు రోజులు రాకపోయినా ఫరవాలేదులే" అన్నాను. ఆ మాట ఆమె మొహం చూసి అనలేక, జాడీ మూత తుడుస్తూ అన్నాను. "అలాగేనమ్మగారూ" అని కత్తిపీట కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కార్తీకమాసంలో మా అన్నయ్య కూతురు విశాఖపట్నం నుంచి వచ్చింది. ఆ రిపోర్టు చూసి పకపకా నవ్వింది. "అత్తయ్యా, ఈ పధ్నాలుగు మాటలూ చదివావా? మీ కంపెనీ పేరు, కంపెనీ పేరూ రాజమండ్రీ, కంపెనీ పేరూ నీ పేరూ. లోకంలో ఇంకెవరికీ లేని పేరు పెట్టి వెతికితే మీరు కాక ఇంకెవరొస్తారు?" అంది. నిజమే కదండీ! మా ఇంటికి నేనే మొదటి ఇల్లాలినని ఎవరో ముద్ర వేసిచ్చినట్టుంది. అసలు పేరు తెలిసినవాళ్ళు ఎలాగూ వస్తారు, కావలసింది తెలియనివాళ్ళు. తన ఫోనులో 'గోదావరి ఆవకాయ' అని కొట్టింది. మూడు పేజీలు తిప్పినా మా జాడ లేదు.

ఇంకా తవ్వింది. మా సైటులో ఒక పేజీలో 'ఆవకాయ' అన్న మాటే నలభై సార్లుంది, నామకోటి రాసినట్టు. గూగుల్‌కి అలాంటివి గిట్టవట. మా సైటుకి దారి చూపించే లింకులు డబ్బిచ్చి కొన్నవట, అందులో కొన్ని పేకాట సైట్లు! మా మడి మాగాయకి పేకాట క్లబ్బులో బోర్డు కట్టారన్నమాట. అన్నిటికీ మించి, సైటు పేరు రిజిస్టరై ఉన్నది ఆ కంపెనీ పేర. ఇల్లు కట్టింది మా డబ్బుతో, దస్తావేజు వాళ్ళ పేర. దాన్ని మా పేరుకి మార్పించుకోవడానికి మావారు రెండుసార్లు బస్సెక్కాల్సి వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఆరువారాలూ ఆయన క్రికెట్‌ చూడలేదు.

ఈసారి మనిషిని నేనే ఎంచుకున్నాను. ముగ్గురితో మాట్లాడాను. ముగ్గురినీ ఒకటే ప్రశ్న అడిగాను, "మొదటి స్థానం గ్యారంటీయేనా?" అని. ఇద్దరు "తప్పకుండా మేడమ్‌" అన్నారు, వాళ్ళకి నమస్కారం పెట్టేశాను. గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్‌ వాళ్ళే రాసిపెట్టారని మా మేనకోడలు అప్పటికే చదివి వినిపించింది. మూడో ఆవిడ, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఇంట్లోంచే పనిచేసుకునే అమ్మాయి, "ఇవ్వలేనాంటీ. నాలుగు నెలలనుంచి ఏడాదిదాకా పట్టొచ్చు. మీకు నచ్చకపోతే ఏ నెలైనా మానేయొచ్చు" అంది. నెలకి 4,000.

ఆ పిల్ల నన్నడిగిన మొదటి ప్రశ్నకి నేను ఆశ్చర్యపోయాను. "ఫోను చేసినవాళ్ళు మిమ్మల్ని ఏమడుగుతారాంటీ?" అని. అడగకేం! మాగాయలో వెల్లుల్లి వేస్తారా, నువ్వుల నూనేనా, అమెరికాకి పంపుతారా, ఎన్నాళ్ళు నిలవుంటుంది? "అవే రాయండి, ఫోనులో చెప్పినట్టే" అంది. మావారు కళ్ళజోడు పెట్టుకుని అచ్చుతప్పులు దిద్దారు. ధరలన్నీ వెనకటి కుర్రాడు ఒక పెద్ద ఫోటోలో ఇరికించాడు. ఫోటోలోని రాత మనకి కనబడ్డట్టు గూగుల్‌కి సరిగ్గా అందదట, వాటిని విడిగా రాయించింది. గూగుల్‌ మ్యాపులో మా ఇల్లు, ఫోను నంబరు, వేళలు పెట్టించింది. దానికి కానీ ఖర్చు లేదు! వెనకటివాళ్ళు దానికి వేరే బిల్లు వేశారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది సెర్చ్‌ కన్సోల్‌ అనేది. అదీ ఉచితమే. నా మెయిలుతోనే తెరిచి ఇచ్చింది. జనం ఏం కొట్టి వెతికితే మా పేరు కనబడిందో, అందులో ఎందరు లోపలికి వచ్చారో అది చూపిస్తుంది. ఇక ఎవరి రంగుల కాగితమూ నాకక్కర్లేదు. 'వెల్లుల్లి లేని మాగాయ' అని వెతికేవాళ్ళున్నారని అందులోనే తెలిసింది. మా అత్తగారి పద్ధతి అదే కదా, ఇన్నాళ్ళూ ఆ మాట ఎక్కడా రాయనే లేదు!

అయినా నేను దాన్నొక్కదాన్నే నమ్ముకోలేదు. ఫోను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, కొత్తవాళ్ళెవరు చేసినా, "మా పేరెలా తెలిసిందండీ?" అని అడిగి రాసుకున్నాను. గూగుల్‌లో చూసి వచ్చినవాళ్ళు మొదటి నెల ఇద్దరు, రెండో నెల ముగ్గురు. మూడో నెల ఒక్కరే, అప్పుడు ఈ పిల్లని కూడా మాన్పించేద్దామా అనుకున్నాను. అయిదో నెల 11 మంది. అదీ మామిడికాయల హడావుడి అయిపోయాక, ఏటా బేరాలుండని ఆషాఢంలో.

మర్నాడే సత్తెమ్మకి కబురు పెట్టి, ఇక అన్ని రోజులూ రమ్మన్నాను.

"అయితే ఆ కాఫీ తాగిన అబ్బాయిని మాన్పించేశారా అమ్మగారూ?" అంది.

నేను తెల్లబోయాను. "నీకెవరు చెప్పారే?"

"ఒకరు చెప్పాలా అమ్మా? ఆ బాబు వచ్చిన నెలలోనే కదా నాకు రెండు రోజులు తగ్గాయి."

ఏం చెప్పాలో తోచలేదు. "గోంగూర కట్టలు విప్పు, ఆకు వాడిపోతోంది" అని పీట వాల్చి, నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను.